స్కూటర్ నల్లపొగ కొడుతూ పెట్రోల్ తాగేస్తోందా? కార్బరేటర్ మీద చెయ్యి పెట్టే ముందు ఈ వరసలో చూడండి

మాది 2012లో కొన్న 110 సీసీ గేర్లు లేని స్కూటరు, కార్బరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి ఇచ్చేది) బండి, కంపెనీ పేరెందుకులే అన్నా, ఆ కాలం బండ్లన్నిటికీ ఇంచుమించు ఇదే వరస. ఒంగోలు నుంచి చీమకుర్తి పోవడం రావడం, అంతే దాని పని. పోయిన ఎండల్లో ఉన్నట్టుండి మైలేజీ 45 నుంచి 28కి పడింది, వెనకొచ్చేవాళ్ళు హారన్ కొట్టి మరీ "నీ బండి పొగ చూసుకో అన్నా" అని చెప్పి పోతున్నారు, ఇంటికొచ్చి చొక్కా విప్పితే పెట్రోల్ వాసన. షెడ్డులో రెండుసార్లు కార్బరేటర్ క్లీనింగు, ఒకసారి రిపేర్ కిట్టు, అదీ కాకపోతే ఏకంగా కొత్త కార్బరేటరే వేయించా. వారం తిరక్కముందే మళ్ళీ అదే పొగ. చివరికి దొరికిన జబ్బు కార్బరేటర్‌లో లేనేలేదు, దాని పక్కన పోయే ఒక సన్న రబ్బరు పైపులో కనపడింది, ఆ సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెప్తా. అప్పట్నుంచి మా ఫ్యాక్టరీలో ఎవరి బండి పొగ కొట్టినా నా దగ్గరికే తోసుకొస్తున్నారు, నేను మెకానిక్‌ని కాదు మొర్రో అన్నా వినరు, అందుకని అందరికీ చెప్పేదేదో ఒకచోట రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట, ఇది కార్బరేటర్ ఉన్న బండ్లకి మాత్రమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాక స్కూటర్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి పోయాయి, వాటికి సెన్సార్లు, స్కానరు, అది వేరే కత. మీ బండి అంతకుముందుదైతే చదవండి.

ఈ నల్లపొగ జబ్బునే రిచ్ అంటారు, అంటే గాలికి తగ్గ కొలత కంటే పెట్రోల్ ఎక్కువ కలవడం, అదేందో రెండు ముక్కల్లో. ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోల్ ఎక్కువ పడినా రిచ్చే, గాలి తక్కువైనా రిచ్చే. మన షెడ్లలో అందరూ ఆ మొదటి సగమే పట్టుకుంటారు, బండి పొగ కొట్టిందంటే చాలు స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బరేటర్ స్క్రూ తిప్పడం మొదలెడతారు. అది ఆఖర్న చేయాల్సిన పని, మొదట చేశారంటే అసలు సెట్టింగ్ ఎక్కడుండిందో తెలీక రెండు జబ్బులు కలిసిపోతాయి.

అసలు రిచ్చేనా, ఇంకేమన్నానా

పొగ రంగు చూడండి. నల్లగా ఉంటే పెట్రోల్. నీలంగా, తెల్లగా మాడిన నూనె వాసనతో వస్తంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, అది రింగులు, వాల్వ్ సీళ్ళ గొడవ, కార్బరేటర్‌కి సంబంధం లేదు. సైలెన్సర్ మూతిలో వేలు పెట్టి తిప్పండి (బండి ఆరినాక అన్నా, వేడి మీద కాదు), పొడిగా మసి అంటితే రిచ్, జిడ్డుగా అంటితే ఆయిల్.

ఇంకో గుర్తు, ఇది చాలా నమ్మకమైంది. రిచ్ బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా నడుస్తుంది, వేడెక్కే కొద్దీ మొరాయిస్తుంది. ఎందుకంటే చల్లటి ఇంజన్‌కి ఎట్టాగూ ఎక్కువ పెట్రోల్ కావాలి, వేడెక్కాక అక్కర్లేదు. సిగ్నల్ కాడ ఆగినప్పుడు గుడగుడమని ఆగిపోవడం, ఆగినాక వెంటనే స్టార్ట్ కాకపోవడం, పది నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవడం, ఇవన్నీ రిచ్ లక్షణాలే. అట్టా ఆగినప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని సెల్ఫు కొట్టండి, పొగ కక్కుతూ లేచిందంటే లోపల పెట్రోల్ నిండిపోయి ఉందని అర్థం. లీన్ బండి, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైంది, దీనికి రివర్సు, చల్లగా ఉన్నప్పుడు ఏడిపిస్తుంది, వేడెక్కాక నయమవుతుంది.

మైలేజీ ఒక్కటే తగ్గి పొగ, వాసన, మసి ఏమీ లేకపోతే కార్బరేటర్ జోలికి పోకండి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి, బ్రేకు పట్టేసి ఉండొచ్చు, టైర్లో గాలి లేకపోవచ్చు, బెల్టు అరిగి ఉండొచ్చు. మా ఆఫీసులో ఒకాయన కార్బరేటర్ రిపేర్‌కని వచ్చాడు, చూస్తే వెనక బ్రేకు కేబుల్ తుప్పు పట్టి లివర్ వెనక్కి రావట్లేదు అంతే.

కావలసినవి

8, 10 నంబర్ స్పానర్లు, ప్లగ్గు స్పానరు (చిన్న స్కూటర్ల ప్లగ్గుకి మామూలుగా 16 ఎంఎం), స్టార్ స్క్రూడ్రైవరు, సన్న మైనస్ స్క్రూడ్రైవరు, ఒక అడుగు పొడవు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు, కార్బరేటర్ స్ప్రే డబ్బా, పాత పంచె గుడ్డ, ఒక కొత్త ప్లగ్గు. ప్లగ్గు నంబరు పాత దాని మీదే ఉంటుంది, అదే నంబరు తీసుకోండి, షాపులో "ఇదీ సరిపోద్దిలే" అని ఇచ్చేది వద్దు.

పని బయట చెట్టు కింద పెట్టుకోండి. వరండాలో వద్దు, వంటింటి పక్కన అసలే వద్దు, పెట్రోల్ ఆవిరి నేల మీద పాకుతూ పోయి ఎక్కడో వెలిగే పొయ్యిని పట్టుకుంటుంది. బీడీ సిగరెట్టు సంగతి చెప్పాల్సిన పన్లేదు. షట్టర్ వేసిన గదిలో ఇంజన్ ఆన్ చేయకండి, రిచ్ బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు కంటే చాలా ఎక్కువ, దానికి వాసన కూడా ఉండదు.

ప్లగ్గు చూడటం

పాత నల్ల ప్లగ్గు చూసి ఏమీ తేల్చకండి, అది ఆర్నెల్ల చరిత్ర. కొత్తది బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద ఒకే స్పీడులో అయిదారు కిలోమీటర్లు పోండి, నేను కర్నూలు రోడ్డు మీద పోతా, తర్వాత పక్కకి తీసి ఐడ్లింగులో ఒక్క నిమిషం కూడా ఉంచకుండా తాళం ఆపేయండి. ఇదే ముఖ్యం, ఐడ్లింగులో నిలబెడితే ఏ బండి ప్లగ్గైనా కాస్త నల్లబడుతుంది, మీరు చూడాల్సింది రోడ్డు మీద నడిచిన రంగు. వెంటనే విప్పబాకండి, హెడ్డు అల్యూమినియం, వేడి మీద విప్పితే మరలు లేచిపోతాయి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారనివ్వండి, రంగు ఎక్కడికీ పోదు.

కొసన కాఫీ పొడి రంగు, లేత ఇటుక రంగు ఉంటే మిక్స్‌చర్ (గాలి, పెట్రోల్ కలిసిన పాళ్ళు) బాగుంది. కాటుక లాగా మెత్తటి నల్లమసి ఉంటే రిచ్. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే లీన్, అది ఇంకా ప్రమాదం, ఇంజన్ వేడెక్కి పోతుంది. నల్లగా తడిగా ఉంటే వాసన చూడండి, పెట్రోలా ఆయిలా అని. ఒక చిక్కుంది, స్పార్క్ బలహీనంగా ఉన్నా, ప్లగ్గు క్యాప్ లోపల తుప్పు పట్టినా పెట్రోల్ సరిగా కాలక ఇదే నల్ల రంగు వస్తుంది. కాబట్టి క్యాప్ ఒకసారి విప్పి బిగించి, గ్యాప్ చూసుకోండి, ఎక్కువ చిన్న బండ్లకి 0.7 నుంచి 0.9 ఎంఎం మధ్య ఉంటుంది.

ఎంత తిప్పినప్పుడు పొగ వస్తోంది

ఇది కాసేపు ఓపిగ్గా గమనించారంటే సగం పని అయిపోయినట్టే. యాక్సిలరేటర్ పిడి మీద ఒక చిన్న టేపు ముక్క, పక్కన కదలని భాగం మీద ఇంకో ముక్క అతికించండి, ఎంత తిప్పుతున్నారో తెలుస్తుంది. ఐడ్లింగ్ నుంచి పావు వంతు లోపు గొడవైతే స్లో జెట్టు (జెట్టంటే పెట్రోల్‌ని కొలతగా వదిలే సన్న చిల్లున్న ఇత్తడి ముక్క), మిక్స్‌చర్ స్క్రూ, చోక్ (చల్లటి ఇంజన్ లేవడానికి అదనంగా పెట్రోల్ ఇచ్చేది) వైపు చూడాలి. పావు నుంచి ముప్పావు దాకా ఐతే పొడవు నీడిలు, అది దిగే గొట్టం. పూర్తిగా తిప్పినప్పుడే ఐతే మెయిన్ జెట్టు. మొత్తం అన్నిట్లో ఉంటే జెట్లు కాదు అన్నా, ఫిల్టరో, ఫ్లోటో (కార్బరేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టాన్ని ఆపేది), చోకో, పెట్రోల్ కాకో (ట్యాంకు కింద ట్యాపు), ఈ నాలుగిట్లో ఒకటి. ఇంట్లో వాడే బండ్లకి నూటికి తొంభై ఈ ఆఖరి రకమే నేను చూసింది, జెట్టు దానంతటది పెద్దదవ్వదు కదా.

గాలి దారి

ఇక్కడ్నుంచి అసలు పని. చీమకుర్తి వైపు తిరిగే వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది, గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, కటింగ్ మిషన్లు, రాళ్ళ లారీలు, రోడ్డు పక్క చెట్ల ఆకులు కూడా బూడిద రంగులోనే ఉంటాయి. ఆ పిండి మొత్తం పీల్చేది మన ఎయిర్ ఫిల్టరే. అది మూసుకుంటే గాలి తగ్గుతుంది, కార్బరేటర్ ఇంకా గట్టిగా పెట్రోల్‌ని లాగుతుంది, రిచ్. నెల్లూరు వైపు వాళ్ళు మాకు గ్రానైట్ లేదులే అనుకోకండి, రైసు మిల్లుల కాడ ఊక దుమ్ము ఇంతకంటే తక్కువేం కాదు. కంపెనీ బుక్కులో రాసిన కిలోమీటర్లు మన దుమ్ముకి లెక్కలోకి రావు, నేను అందులో సగానికే మార్చేస్తా.

టెస్టు ఇట్టా చేయండి. ఇంజన్ వేడెక్కాక స్టాండ్ మీద ఐడ్లింగులో పెట్టి ఫిల్టర్ మూత విప్పి ఫిల్టర్ బయటికి తీయండి. బండి శబ్దం తేటపడి నయమైతే రిచ్ అని ఖాయం, ఫిల్టరే దోషి అయ్యే అవకాశం కూడా ఎక్కువ. ఆగిపోబోతే బండి రిచ్ కాదు, మీరు తప్పు దారిలో ఉన్నారు. ఒక నిమిషం చాలు, ఫిల్టర్ లేకుండా రోడ్డెక్కకండి, గ్రానైట్ పొడి సిలిండర్లోకి పోతే అది ఎమెరీ కాగితం పెట్టి రుద్దినట్టే.

ఫిల్టర్ రెండు రకాలు. చాలా స్కూటర్లలో నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ వస్తుంది, చేత్తో ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది. దాన్ని గాలి కొట్టి దులపకూడదు, కడక్కూడదు, మార్చడమే. పంక్చర్ షాపులో ఎయిర్ కొట్టించి "క్లీన్ అయింది" అనుకుంటాం, ఆ నూనె పోయి, కాగితం చిల్లులు పడి, దుమ్ము తిన్నగా లోపలికి పోతుంది. స్పాంజి ఫిల్టర్ ఐతే కిరసనాయిలులో లేదా సబ్బు నీళ్ళలో పిసికి, పూర్తిగా ఆరబెట్టి, కాస్త ఇంజన్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండి పెట్టాలి. ఆయిల్ కారుతూ ఉండగా పెట్టారంటే మళ్ళీ గాలి ఆడదు, మళ్ళీ రిచ్.

ఫిల్టర్ తీసినప్పుడే డబ్బా అడుగు చూడండి. ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి పంపే బ్రీతర్ పైపు అందులోకే వస్తుంది, ఆయిల్ ఎక్కువ పోసి ఉంటే ఆ ఆవిరి వచ్చి ఫిల్టర్‌ని తడిపేస్తుంది. డబ్బా కింద చిన్న డ్రెయిన్ గొట్టం ఉంటుంది, మూత తీసి కార్చేయండి. గాలి లోపలికి పోయే ముక్కు లాంటి గొట్టంలోకి టార్చి వేసి చూడండి, మూడు నెలలు కదలకుండా నిలబెట్టిన బండ్లలో కందిరీగలు మట్టి గూడు కట్టేస్తాయి, ఎలకలు గుడ్డ పేలికలు కుక్కుతాయి. మా బావమరిది బండిలో వేరుశెనగ తొక్కలు బయటపడ్డాయి.

చోక్

లివరు ఉన్న బండైతే లివర్ కింద పెట్టినంత మాత్రాన చోక్ మూసుకున్నట్టు కాదు. కేబుల్ బిగుసుకుపోయి లోపల ప్లంజరు సగం లేచే ఉంటుంది. కార్బరేటర్ దగ్గర కేబుల్ చివర పట్టుకుని చూడండి, కాస్త వదులుండాలి, అసలు లేకపోతే ఆ కేబులే ప్లంజర్‌ని పైకి లాగి పట్టుకుందని అర్థం.

లివరు లేని బండ్లలో ఆటో చోక్ ఉంటుంది, కార్బరేటర్ పక్కన రెండు వైర్లు పోయే నల్ల బుడిపె లాంటిది. లోపల మైనం, దానికి కరెంటు హీటరు. ఇంజన్ ఆన్ అయ్యాక హీటర్ వేడెక్కి మైనం ఉబ్బి చిన్న సూదిని ముందుకి తోస్తుంది, సుమారు అయిదు నిమిషాల్లో ఆ సూది అదనపు పెట్రోల్ దారిని మూసేస్తుంది. వైరు ఊడినా, హీటరు మాడినా ఆ దారి మూసుకోదు, రోజంతా చోక్ వేసుకుని తిరిగినట్టే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి అయిదు నిమిషాల తర్వాత ఆ బుడిపె మీద వేలు పెట్టండి, వెచ్చగా ఉండాలి, ఐడ్లింగ్ కూడా మొదటి కంటే దిగాలి. అనుమానం తీరకపోతే రెండు స్క్రూలు విప్పి బయటికి తీసి, సూది పొడవు స్కేలుతో కొలిచి, 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి అయిదు నిమిషాలాగి మళ్ళీ కొలవండి. పెరగకపోతే మార్చాల్సిందే, దానికి రిపేరు లేదు.

నన్ను తిప్పలు పెట్టిన పైపు

చాలా స్కూటర్లకి పెట్రోల్ ట్యాప్ చేత్తో తిప్పేది కాదు, ఇంజన్ లాగే గాలికే తెరుచుకునే ఆటో కాక్ ఉంటుంది. కాక్‌కి రెండు పైపులు, లావుది పెట్రోల్ పైపు, కార్బరేటర్‌కి పోతుంది, సన్నది వ్యాక్యూమ్ పైపు, కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న మ్యానిఫోల్డ్‌కి పోతుంది. ఇంజన్ తిరిగినప్పుడు ఆ సన్న పైపులోంచి గాలి లాగి, కాక్ లోపల ఉన్న రబ్బరు పొరని, డయాఫ్రమ్ అంటారే దాన్ని, కదిపి పెట్రోల్ వదులుతుంది. ఆ పొరకి సూది మొనంత చిల్లు పడిందనుకోండి, పెట్రోల్ సన్న పైపులోంచి తిన్నగా మ్యానిఫోల్డ్‌లోకి పోతుంది. కార్బరేటర్‌తో పనే లేదు. ఇక మీరు కార్బరేటర్‌ని బంగారంతో చేయించి పెట్టినా పొగ ఆగదు.

మా బండిలో అదే. నాకు అనుమానం ఎట్టా వచ్చిందంటే, ట్యాంకు ఫుల్ చేయించిన రోజు పొగ ఘోరంగా ఉండేది, సగానికి దిగాక కాస్త తగ్గేది. జెట్టు గొడవైతే ట్యాంకులో ఎంతుందో దానికేం తెలుసు? పైన పెట్రోల్ బరువు ఎక్కువున్నప్పుడు ఎక్కువ కారుతోందంటే కారే చోటు ట్యాంకుకీ కార్బరేటర్‌కీ మధ్య ఎక్కడో ఉండాలి అనుకుని ఒక్కో పైపూ పీకి చూశా. సన్న పైపు పీకగానే వేలి మీద చుక్క పడింది. అందులో ఉండాల్సింది గాలి, పెట్రోల్ వాసన కూడా రాకూడదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇంతే, ఇంజన్ ఆపి సన్న పైపుని మ్యానిఫోల్డ్ వైపు నుంచి పీకండి, చివర తెల్ల కాగితం మీద పెట్టండి, తడి అంటితే కాక్ మార్చండి. అట్లాగే లావు పైపుని కార్బరేటర్ వైపు పీకి సీసాలో పెట్టండి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఒకటి రెండు చుక్కలు తప్ప కారకూడదు, ధార కడితే కాక్ మూసుకోవట్లేదు. ట్యాంకు కార్బరేటర్ కంటే కిందుండే బండ్లలో కాక్ బదులు వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, దాని పొర చినిగినా ఇదే కత, ఇదే టెస్టు. రెండు నిమిషాల పని, కొత్త కార్బరేటర్ డబ్బులు నావి పోయాయి, మీవి పోకుండా ఉంటాయని ఇంత పొడుగ్గా రాశా.

ఈ పొగంతా ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) వల్లే అని బంకు కాడ అందరూ అంటన్నారు, అందులో సగం తప్పు. ఇథనాల్ కాలడానికి గ్రాముకి 9 గ్రాముల గాలి చాలు, కాబట్టి పాత జెట్లతోనే ఈ20 పోస్తే మిక్స్‌చర్ కాస్త లీన్ వైపు పోతుంది, రిచ్ వైపు కాదు. మైలేజీ కొంచెం తగ్గేది నిజమే, నల్లపొగ మాత్రం దాని పని కాదు. కాకపోతే పాత బండ్ల రబ్బర్లు ఇథనాల్‌ని తట్టుకునేట్టు చేసినవి కావు, పొరలు, సీళ్ళు ఉబ్బి పగులుతాయి, ఆ రకంగా చుట్టు తిరిగి రిచ్ అవ్వొచ్చు. ఎండలు కూడా అంతే, 25 డిగ్రీల నుంచి రోహిణీ కార్తె 45 డిగ్రీలకి పోతే గాలి దాదాపు 6 శాతం పలచబడుతుంది, రవ్వంత రిచ్ అవుతుంది, కానీ మైలేజీ సగం పడిపోయేంత కాదు.

ఫ్లోటు

ఇక కార్బరేటర్ దగ్గరికొచ్చాం. కింద గిన్నెలో పెట్రోల్ ఒక మట్టంలో ఉండాలి, మిద్దె మీద నీళ్ళ ట్యాంకులో బాల్ లాగా ఇక్కడ ఫ్లోటు, అది లేచి చిన్న సూదిని పైకి తోసి పెట్రోల్ ఆపుతుంది. మట్టం పెరిగితే అన్ని జెట్లలోనూ పెట్రోల్ ఎక్కువ పోతుంది.

విప్పకుండానే చూడొచ్చు. గిన్నె కింద డ్రెయిన్ ముక్కుకి ఆ ప్లాస్టిక్ పైపు తగిలించి, పైపుని కార్బరేటర్ పక్కనే పైకి వంచి పట్టుకుని డ్రెయిన్ స్క్రూ ఒక చుట్టు వదులు చేయండి. పైపులో పెట్రోల్ ఎక్కి ఎక్కడ నిలబడుతుందో అదే లోపలి మట్టం. గిన్నెకీ కార్బరేటర్ బాడీకీ అతుకు ఉంటుంది కదా, మామూలుగా దానికి కాస్త కిందే ఆగాలి. ఇంజన్ ఆన్ చేసి చూడండి, నెమ్మదిగా పైకి పాకుతూనే ఉంటే సూది పట్టట్లేదు.

అట్టా ఐతే గిన్నె విప్పండి. సూది కొస మీద చుట్టూ గీత పడి ఉంటే అరిగింది, మార్చండి. అది కూర్చునే సీటులో చిన్న ఇసుక రేణువు చాలు మూసుకోకుండా ఆపడానికి. ఫ్లోటుని చెవి దగ్గర ఊపండి, లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోల్ నిండింది, వేడి నీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో నెలల తరబడి నిలబెట్టిన బండ్ల గిన్నెలో తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది, అదే పోయి సీటులో కూర్చుంటుంది.

ఫ్లోటు గానీ కాక్ గానీ కారిందని తేలితే ఇంజన్ ఆయిల్ తప్పనిసరిగా చూడండి. డిప్ స్టిక్ తీసి వాసన పీల్చండి, పెట్రోల్ వాసన వచ్చినా, మట్టం పెరిగినట్టు కనపడినా, ఆయిల్ నీళ్ళలా జారుతున్నా, ఆ ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. చిన్న స్కూటర్లో ఉండేదే ముప్పావు లీటరు చిల్లర, అందులో పెట్రోల్ కలిస్తే బేరింగులు పోతాయి.

జెట్లు

ఇంత దాకా ఏమీ దొరక్కపోతేనే జెట్లు విప్పండి. విప్పే ముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి. పైన మూత కింద ఉండే పెద్ద రబ్బరు పొరని ముందు తీసి పక్కన పెట్టండి, స్ప్రే దానికి తగిలితే ఉబ్బి మళ్ళీ దాని గాడిలో కూర్చోదు. జెట్టు మీద నంబరు చెక్కి ఉంటుంది, మీ బండికి రావాల్సిన నంబరు అదేనా అని చూడండి, ఇంతకుముందు కిట్టు వేయించి ఉంటే ఇది చాలా ముఖ్యం, డూప్లికేటు కిట్లలో నంబరు ఒకటుంటుంది, చిల్లు ఇంకోటుంటుంది. స్టీలు తీగతో జెట్టు పొడిచి క్లీన్ చేసే అలవాటు చాలామందికి ఉంది, ఇత్తడి మెత్తన, రెండుసార్లు పొడిస్తే చిల్లు పెద్దదై బండి జన్మంతా రిచ్చే. స్ప్రే కొట్టి వెలుతురుకి పెట్టి చూడండి, గుండ్రటి చుక్క కనపడాలి.

అందరూ వదిలేసేది ఒకటుంది, కార్బరేటర్ ఫిల్టర్ వైపు నోట్లోకి చూస్తే అంచున రెండు చిన్న చిల్లులు కనపడతాయి, అవి గాలి జెట్లు. పెట్రోల్‌లో గాలి కలిపేది అవే, అవి మూసుకుంటే రిచ్. వాటిలోకి కూడా స్ప్రే కొట్టి అవతలి నుంచి వస్తోందా చూడండి. కంటికి మాత్రం అద్దాలు పెట్టుకోండి, అది తిరిగి మొహం మీదికే చిమ్ముతుంది.

ఇప్పుడు స్క్రూ

మిక్స్‌చర్ స్క్రూ కార్బరేటర్ మీద ఎటు వైపుందో చూడండి. ఇంజన్ వైపుంటే అది పెట్రోల్ స్క్రూ, లోపలికి బిగిస్తే లీన్, బయటికి తిప్పితే రిచ్, ఈ మధ్య కాలం స్కూటర్లలో ఎక్కువ ఇదే. ఫిల్టర్ వైపుంటే గాలి స్క్రూ, దానికి అంతా తలకిందులు, లోపలికి పోతే రిచ్. ఈ తేడా తెలియక బాగు చేయబోయి ఇంకా పాడు చేసిన వాళ్ళని చాలామందిని చూశా.

ముందు ఎన్ని చుట్లు ఉందో లెక్కపెడుతూ మెల్లిగా లోపలికి బిగించి ఆ అంకె రాసుకోండి. తగలగానే ఆపండి, గట్టిగా బిగిస్తే సూది కొస విరిగి లోపలే ఉండిపోతుంది. తర్వాత మళ్ళీ అన్నే చుట్లు వదిలి, ఇంజన్ బాగా వేడెక్కాక, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కడ అన్నిటికంటే ఎక్కువగా, నున్నగా ఉంటుందో అక్కడ ఆపి, ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో స్పీడు తగ్గించుకోండి. పెట్రోల్ స్క్రూ ఉన్న బండిలో ఇంకో మంచి టెస్టు కూడా ఇక్కడే ఉంది, దాన్ని పూర్తిగా బిగిస్తే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా హాయిగా తిరుగుతూ ఉంటే పెట్రోల్ ఇంకో దారిలో వస్తోంది, ఐడ్లింగ్ స్క్రూ మరీ ఎక్కువ తిప్పి ఉందేమో ఒకసారి చూసుకుని, చోక్, కాక్, ఫ్లోటు దగ్గరికి వెనక్కి పోండి. మా బండిలో ఈ టెస్టు మొదట్లోనే చేసుంటే నాకు మూడు నెలలు మిగిలేవి, అప్పుడు ఎవరూ చెప్పలా.

అంతా అయ్యాక

కొత్త ప్లగ్గు మళ్ళీ వేయండి లేదా పాతది బ్రష్షుతో శుభ్రం చేసి వేయండి. సైలెన్సర్ లోపల పేరుకున్న మసి ఒకటి రెండు రోజులు వస్తూనే ఉంటుంది, వెంటనే పొగ ఆగలేదని కంగారు పడకండి, ఒక యాభై కిలోమీటర్లు హైవే మీద తిప్పండి. మైలేజీ లెక్క ముల్లు చూసి వేయకండి, ఒకే బంకులో, ఒకే స్టాండు మీద ఫుల్ ట్యాంకు కొట్టించి, మీటరు రాసుకుని, కనీసం వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళీ అక్కడే ఫుల్ కొట్టించి, పట్టిన లీటర్లతో కిలోమీటర్లని భాగించండి. నాకు కాక్ మార్చాక మొదటిసారి 41, ఫిల్టర్ కూడా కొత్తది వేశాక 44 వచ్చింది. పాత కార్బరేటర్‌నే కడిగి తిరిగి బిగించా, కొత్తది అట్టపెట్టెలో మిద్దె మీద ఉంది, మా ఇంట్లో వాళ్ళు నెలకోసారి గుర్తు చేస్తుంటారు.